గరిక కింద నేల

తిరుపతి నుంచి చెన్నై పోయే దారిలో వడమాలపేట చుట్టుపక్కల కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు ఇప్పుడు ముంగిట్లో కాస్త లాను కావాలంటున్నారు. మంచి కోరికే. ఎర్రమట్టి దుమ్ము లేచే చోట పొద్దున్నే చెప్పుల్లేకుండా పచ్చిక మీద నిలబడటం కంటికీ కాలికీ హాయి. కానీ గృహప్రవేశం నాటికి నిగనిగలాడిన గడ్డి కొన్నాళ్లకే మచ్చలు మచ్చలుగా ఎండిపోతుంది. అప్పుడు అందరూ చెప్పే మందులు రెండే: ఇంకా నీళ్లు పెట్టు, కొంచెం యూరియా చల్లు. జబ్బేదో తెలియకుండా వేసే ఈ మందులే చాలా లాన్లను చంపుతున్నాయని నా నమ్మకం.

మా బంధువులు రోజూ సాయంత్రం పైపు పట్టి తడుపుతున్నా గడ్డి పసుపు తిరిగింది. ఒక ఇనుపచువ్వ తెచ్చి గుచ్చితే రెండంగుళాలు దిగి ఆగిపోయింది. ఎండిన మచ్చ దగ్గర గడ్డి పట్టి లాగితే పలక పలకంతా చేతికొచ్చింది. కింద ఇటుక ముక్కలు, గట్టిపడిన సిమెంటు, జేసీబీ చక్రాలకు అణిగిపోయిన నేల. నర్సరీ నుంచి గడ్డికి అంటుకుని వచ్చిన పలచటి బంకమట్టి పొరే దానికి ఆధారం. వేర్లు గోధుమరంగుకు తిరిగి పుల్లటి వాసన కొడుతున్నాయి. నీళ్లు చాలక కాదు, దిగే దారి లేక నిలిచి, గాలాడక వేరు కుళ్లింది. పక్కింటి మామిడి రైతు తొంగిచూసి, "మట్టే లేదే సామీ, గడ్డి యాడ పాతుకుంటుంది?" అన్నాడు.

గోడవార జబ్బు వేరు. అక్కడ గడ్డి బూడిద ఛాయకు తిరిగింది. అడుగు వేస్తే నలిగిన పోచ మళ్లీ లేవలేదు. అది నిజంగా దాహమే. పడమటెండకు కాగిన గోడ దాని తేమంతా లాగేస్తోంది. వేపచెట్టు కిందేమో పోచలు సన్నగా సాగి పలచబడ్డాయి. గరికకు రోజూ కనీసం ఆరు గంటల ఎండ కావాలి, నీడలో ఎంత ఎరువు వేసినా దండగ. ఒకే ముంగిట్లో మూడు జబ్బులు! పలక లేచిన చోట వంకర తిరిగిన తెల్ల పురుగులు కూడా ఉన్నాయేమో వెతకాలి. వేరుశనగ వేసే మన రైతులకు వేరుపురుగు కొత్త కాదు.

కుళ్లిన చోట గడ్డి ఎత్తేసి, చెత్త ఏరించి, జానెడు లోతు తవ్వించి, ఎర్రమట్టిలో ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపించాం. పచ్చి పేడ వేయకూడదు, దాంతో కలుపు గింజలూ వస్తాయి. గడ్డి బతికున్నచోట గడ్డపలుగుతో దగ్గరదగ్గరగా పోట్లు పొడిచి అదే మిశ్రమం దించాం. వేపచెట్టు కింద గడ్డి ఆశ వదులుకుని రాలిన ఆకునే పరిచాం. కొత్త వేరు పట్టేదాకా తరచుగా తడిపి, తర్వాత ఎడం పెంచి, తడి లోతుకు దిగేలా తెల్లవారుజామున పెట్టాలి. కోసేటప్పుడు ఎత్తులో మూడోవంతుకు మించి తీయకూడదు.

నూరు చదరపు అడుగుల మీద అంగుళం నీళ్లంటే దాదాపు 236 లీటర్లు. వెయ్యి చదరపు అడుగులకు ఒక్క తడికే రెండువేల లీటర్లు దాటుతుంది. వేసవిలో బోర్లు అడుగంటే సీమలో ఈ లెక్క చూసుకునే లాను కొలత వేసుకోవాలి. గడ్డి కూడా గరికే మేలు. వింబుల్డన్‌లో 8 మిల్లీమీటర్ల ఎత్తుకు కోసే రైగ్రాస్ చలిదేశాలది, మన రోహిణి కార్తెకు నిలవదు. నర్సరీల్లో బెర్ముడా పేరుతో అమ్మేది వినాయకచవితికి మనం గట్ల మీద కోసుకొచ్చే గరిక జాతే. మృగశిర వానలకు నాటితే ఈశాన్య రుతుపవనాలు వచ్చేలోపు వేరు పట్టేస్తుంది.

ఇల్లు కట్టబోయేవాళ్లకు ఒక్క మనవి. పునాది తీసే ముందే పైమట్టిని జానెడు లోతున తీయించి, స్థలంలో ఒక మూల కుప్ప పోయించండి. దాని మీద సిమెంటు కలపనివ్వకండి. రేపు మీ గడ్డికి కావలసింది ఆ మట్టే.