ఘజినీ మనవాడేనా అబ్బా?

ఈ రెండు నెలల్లో మూడు కితాబులు చదివాను. మూడూ తెలుగువే. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీ తెలుగులో చేసినవాణ్ణి కాబట్టి నాకు రెండు జబాన్‌లూ ఇంటివే. ఇంట్లో మిగతావాళ్ల సంగతి అట్లా కాదు. అమ్మీకి ఉర్దూ ఒక్కటే చదవడం వచ్చు. మా అమ్మాయికి తెలుగూ, ఇంగ్లీషూ. దాదీ, పోతీ ఇద్దరూ ఒక కితాబు చదవాలంటే మధ్యలో నేను కూర్చుని వినిపించాల్సిందే.

మొదటిది జాషువా గారి 'ఫిరదౌసి'. 1932 నాటి కావ్యం. డిగ్రీలో పరీక్ష కోసం నాలుగు పద్యాలు కంఠతా పట్టాను గానీ మొత్తం చదివింది ఇప్పుడే. దానికి సబబ్ మా అమ్మాయి. బడిలో సోమనాథ్ పాఠం అయ్యాక పక్క బెంచీ పిల్ల "ఘజినీ మీవాడేగా?" అందట. ఇంటికొచ్చి బ్యాగు కూడా దించకుండా నన్నడిగింది: "ఘజినీ మనవాడేనా అబ్బా?"

విలేకరిగా రోజూ అందరినీ సవాళ్లు అడిగేవాణ్ణి. వెయ్యేళ్ల కిందటి సుల్తాన్‌కి నరసరావుపేటలో పద్నాలుగేళ్ల పిల్ల ఎట్లా జవాబుదారీ అవుతుందో చెప్పడానికి మాత్రం నోట మాట రాలేదు. అల్మారాలోంచి జాషువాని తీశాను.

ఖిస్సా చాలామందికి తెలిసిందే. షాహ్‌నామా రాసిపెడితే బంగారు నాణేలు ఇస్తానని మహమూద్ వాదా చేశాడు. ఫిరదౌసి 30 ఏళ్లు రాశాడు. తీరా ఇచ్చింది వెండి. 12వ శతాబ్దంలో నిజామీ అరూజీ తన 'చహార్ మఖాలా'లో ఈ ఖిస్సా రాశాడు. చరిత్రకారులు దీన్ని పూర్తిగా నమ్మరు. నమ్మకపోయినా ఫరక్ లేదు, జాషువా చెప్పదలచింది వేరే. ఆయన కావ్యంలో సుల్తాన్ అల్లా పేరు మీద మాటిచ్చి తప్పుతాడు. కవి తన దుఃఖాన్ని పద్యాలు చేసి మస్జిద్ గోడ మీద రాసి ఊరు విడిచిపోతాడు. అంటే ఫిర్యాదు నేరుగా ఖుదా ఇంట్లోనే దాఖలు చేశాడన్నమాట! ఆ చోట చదవడం ఆపి పక్కకి చూశాను. అమ్మీ తస్బీ తిప్పడం ఆపేసి, "ఫిర్ క్యా హువా రే?" అంది.

రుస్తుం, సొహ్రాబ్‌ల ఖిస్సా అమ్మీ చిన్నప్పుడు వాళ్ల అబ్బా నోట విన్నదే. దాన్ని రాసినవాడికి ఇంత దగా జరిగిందని మాత్రం ఆమెకి తెలియదు. సంస్కృత సమాసాలు విప్పి, దక్కనీలోకి తిప్పి చెబుతుంటే నాకు చెమటలు పట్టాయి. (నిజం చెప్పాలంటే కొన్నిచోట్ల జాషువా గారు మరీ కష్టపెట్టారు.) చివరికి సుల్తాన్ మనసు మార్చుకుని బంగారం పంపేసరికి కవి జనాజా లేచింది. ఆయన కూతురు ఆ బంగారం నాకొద్దంది. "ఖుద్దార్ బేటీ" అని అమ్మీ మనవరాలి తల నిమిరింది.

అప్పుడు మా అమ్మాయి తనే అంది, "అయితే ఇందులో ఇద్దరు ముసల్మాన్‌లు ఉన్నారు కదా" అని. ఇద్దరున్నారు. మాట తప్పినవాడొకడు, మాట కోసం బతుకు అరగదీసినవాడొకడు. టీవీ చర్చల్లో ఎప్పుడూ మొదటివాడే కనిపిస్తాడు. వినుకొండలో పుట్టిన జాషువా రెండోవాడి పక్కన నిలబడ్డాడు. ఆ వినుకొండ మాకు బస్సులో గంట దారి. కులం పేరుతో సభల్లో అవమానం మింగినవాడికి దర్బారు బయట నిలబడ్డ కవి బాధ ఎవరూ అనువదించి చెప్పక్కర్లేదు.

రెండోది ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'. ఇది రెండోసారి చదవడం. కావలి కుర్రాడి బచ్‌పన్. మన పేదరికాన్ని నవ్వులాటగా చూపించాడని ఒక బుజుర్గ్ నాతో వాదించారు. నేను ఒప్పుకోలేదు. కన్నీళ్లు పెట్టించాలని రాస్తే మా అమ్మాయి మూడో పేజీలో మూసేసేది. ఇందులో మన ఇంటి మాటలు తెలుగు అక్షరాల్లో కనిపించేసరికి, నా సాయం లేకుండా రెండు రాత్రుల్లో చదివేసింది. మధ్యలో "అబ్బా, ఇది మన ఇల్లే" అని రెండుసార్లు లేపింది.

మూడోది స్కైబాబా 'అధూరే'. తెలంగాణ ముస్లిం ఇళ్ల కథలు, 2011లో వచ్చాయి. కొన్ని కథలు కథ కంటే ముందు వాదన దగ్గరికి పరిగెత్తుతాయని నాకనిపించింది. కానీ అద్దె ఇల్లు వెతుక్కునే 'వెజిటేరియన్స్ ఓన్లీ' అట్లా కాదు. ఉద్యోగం కోసం ఒక పట్నం వెళ్లినప్పుడు నాకూ ఒక గేటు దగ్గర అడ్వాన్స్ చేతిలో పెట్టాక పేరడిగి, డబ్బు వాపస్ ఇచ్చారు. ఆ కథని అమ్మీకి వినిపించలేదు. మేము ఆ ఊరు ఎందుకు వదిలేశామో ఆమెకి ఇంకా వేరే సబబే తెలుసు.

ఇక పక్క బెంచీ పిల్ల సంగతి. మా అమ్మాయి ఆమెకి 'దర్గామిట్ట' ఇచ్చిందట. మూడు వారాలైంది, వాపస్ రాలేదు. అడగమంటే, "వాళ్లమ్మ చదువుతోందంట అబ్బా, ఆగు" అంటోంది.