తనఖా అనే మాట

ఈ నెల నేను నేర్చుకున్న మాట తనఖా. నాది ఇంగ్లీషు మీడియం చదువు. అరవై దాటాక అక్షరాలు దిద్దుతున్నాను. ఇంట్లో మాట్లాడే మాటలు వచ్చు, కాగితాల మీద మాటలు రావు. మీలో చాలామందికీ అంతేనేమో.

హైదరాబాద్‌లో అమ్మ ఇల్లు ఇప్పుడు నాదీ, తమ్ముడిదీ. పాతది పడగొట్టి ఫ్లాట్లు కట్టాలని వాడి ఆలోచన. నేను ఉండేది అల్ ఖౌద్‌లో కాబట్టి కాగితాలు వాట్సాప్‌లో పంపాడు. అందులో తనఖా అని చూసి కంగారు పడ్డాను. మేము అప్పు తీసుకోలేదు కదా?

అది బ్యాంకుకు కాదట, కార్పొరేషన్‌కు. 2012 భవన నియమాలు, అంటే జీవో 168 ప్రకారం, చిన్న ఇళ్ళు తప్ప మిగతావి కట్టేవాళ్ళు కట్టబోయే దాంట్లో సాధారణంగా 10 శాతం తనఖా పెట్టాలి. ప్లాను ప్రకారం కట్టి ఓసీ తెచ్చుకుంటే విడిచిపెడతారు. ఓసీ అంటే ఇంట్లో మనుషులు చేరవచ్చు అని ఇచ్చే పత్రం. అప్పటిదాకా యజమాని మీద ఒక కన్ను ఉంటుందన్నమాట.

నాకు వెంటనే ప్రొబేషన్ అనే మాట తోచింది. తెలుగు పేపర్లలో అది ఎక్కువగా ఉద్యోగుల గురించి వస్తుంది. అమెరికాలో ఇళ్ళ యజమానులకు కూడా కోర్టు ప్రొబేషన్ వేస్తుంది: ఫలానా తేదీలోపు బాగుచెయ్యి, తనిఖీకి తలుపు తియ్యి, లేకపోతే జైలు. 1987లో లాస్ ఏంజిలిస్‌లో ఒక న్యూరోసర్జన్‌ను, తను అద్దెకిచ్చిన పాడుపడ్డ భవనంలోనే 30 రోజులు ఉండమని పంపారు. కాలికి ఎలక్ట్రానిక్ పట్టీ కూడా కట్టారు!

శుక్రవారం దార్సైట్ మందిరంలో ప్రసాదం పంచుతూ ఇది చెప్తే, పక్కన ఉన్నాయన నవ్వారు. "మన దగ్గర అలా వేస్తే సగం మంది యజమానులు పారిపోతారండీ" అన్నారు.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ముందు రోజే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పైన ఒక పెంట్‌హౌస్ వేద్దాం. ప్లానులో వద్దు. తర్వాత బీఆర్ఎస్‌లో డబ్బు కట్టేద్దాం." (పార్టీ కాదు, భవనాల క్రమబద్ధీకరణ పథకం.) నేను వెతికి చూశాను. 2015లో వచ్చిన ఆ పథకం ఆ ఏడాది అక్టోబరు 28 లోపు కట్టినవాటికే. మాకు ఇంకా పునాది కూడా లేదు. ఆ మాట అంటే "మళ్ళీ తెస్తార్లే అక్కా" అన్నాడు.

తెస్తారో లేదో. ఓసీ రాకపోతే నేను ఇక్కడ హాయిగానే ఉంటాను. ఇబ్బంది పడేది మా ఫ్లాట్లు కొన్నవాళ్ళు, అద్దెకు వచ్చినవాళ్ళు. సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న ఇచ్చిన తీర్పులో, ఓసీ చూశాకే కరెంటు, నీళ్ళ కనెక్షన్లు ఇవ్వాలని చెప్పింది. అప్పుడు చీకట్లో కూర్చునేది తమ్ముడూ కాదు, నేనూ కాదు. ఆ డాక్టరుకు వేసిన శిక్ష నాకు అందుకే నచ్చింది.

జవాబు ఇంగ్లీషులో రాస్తే లాయర్ నోటీసులా ఉంది. చెరిపేసి తెలుగులో రాశాను, అరగంట పట్టింది.

"చిన్నా, ప్లానులో ఉన్నంత వరకే కడితే సంతకం పెడతాను. పైన ఇంకొకటి వేస్తానంటే పెట్టను. కోపం తెచ్చుకోకు. భోజనం చేశావా? అక్క."

నిన్న రాత్రే చదివాడు. రెండు నీలం టిక్కులు ఉన్నాయి. ఇంకా ఏమీ రాయలేదు.