కోమోకు దారి శిడ్లఘట్ట మీదుగా

బెంగళూరులో ఫ్యాషన్ డిజైనింగ్ చదివే పిల్లలను కాలేజీలు రెండు వారాల యూరప్ స్టడీ టూర్‌కు తీసుకెళ్ళడం ఇప్పుడు మామూలైంది. పారిస్, మిలాన్, ఫ్లారెన్స్, వీసా దొరికితే మేముండే లండన్. నంగలి దాటితే ఆంధ్రా వచ్చే మా కోలారు జిల్లా ముళబాగిలు వైపు తెలుగిళ్ళ వాళ్ళకు ఇలాంటి ఖర్చు చిన్నది కాదు. రెండు వారాల్లో ఏం నేర్చుకొస్తారని పెద్దవాళ్ళు అడిగితే ఆ ప్రశ్నను కొట్టిపారేయలేం. రోజులు తక్కువైనా ఫరవాలేదని నా వాదన. ఏం అడగాలో తెలియకుండా వెళ్తే మాత్రం ఏడాది ఉన్నా దండగే. కోలారు జిల్లా పిల్లకు ఆ అడగాల్సింది మల్బరీ తోటల్లోనే, పట్టుగూళ్ళ మార్కెట్లోనే దొరుకుతుంది. ముందు పట్టుగూళ్ళ మార్కెట్ ఉన్న శిడ్లఘట్టలో ఒక నెల తిరిగి, తర్వాత విమానం ఎక్కాలి.

తక్కువ వ్యవధిలో గట్టిగా నేర్చుకోవచ్చనడానికి సాక్ష్యం మన కోరమాండల్ తీరంలోనే ఉంది. మచిలీపట్నం మొదలు పుదుచ్చేరి దాకా మనవాళ్ళు అద్దిన రంగు బట్టలకు యూరప్ వెర్రెత్తిపోతే, తన నేతగాళ్ళు దెబ్బతింటారని ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది. 1759 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. అది నడుస్తుండగానే, 1734 ప్రాంతంలో, బోల్యూ అనే ఫ్రెంచి నౌకాదళ అధికారి పుదుచ్చేరిలో అద్దకం పని చూశాడు. ఒక్కో దశ ముగియగానే బట్టలోంచి ఒక ముక్క కత్తిరించి, ఆ దశలో ఏం చేశారో పక్కనే రాసుకున్నాడు. కరక్కాయ కలిపిన గేదె పాలలో బట్టను నానబెట్టడం, పటిక పట్టించడం, నీలి అక్కర్లేని చోట మైనం పూయడం, అన్నీ వరసగా రాశాడు. ఆ కాగితాలు, ముక్కలు ఇప్పటికీ పారిస్‌లో ఉన్నాయి. 1742లో కెర్దూ అనే జెసూట్ పాదిరీ ఇదే పని మీద పెద్ద లేఖ రాశాడు. తెలుగు నేర్చి, తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి నిఘంటువు కూర్చిన మనిషాయన. నిషేధం ఎత్తేసిన మరుసటి ఏడే ఓబర్‌కాంఫ్ అనే ఆయన ఫ్రాన్స్‌లోని జుయీ అనే ఊళ్ళో బట్టల అద్దకం ఫ్యాక్టరీ మొదలుపెట్టాడు. ఈ కాగితాల వల్లే ఆ ఫ్యాక్టరీ పుట్టిందని నేననను. మన అద్దకందారులకు ఇందులో ఏం దక్కిందన్నది వేరే సంగతి, అది చేదు సంగతే. బోల్యూ అద్దకందారు కాకపోయినా ఒకే పనిని మొదట్నుంచి చివరిదాకా విడవకుండా చూశాడు. నాలుగు ఊళ్ళలో పది మ్యూజియాల ముందు దిగి ఫోటోలు తీసుకునే టూరులో ఆ ఓపికకు చోటుండదు.

పట్టుపురుగులు పెంచే ఇంటి పిల్లకు శిడ్లఘట్ట దేనికి, తెలిసిందే కదా అనవచ్చు. తెలిసింది సగమే. పిల్ల పురుగులను పెంచి ఇచ్చే చాకీ కేంద్రం నుంచి తెచ్చిన పురుగులు నాలుగో జ్వరం (పొర విడిచే దశ) దాటి, ఆబగా ఆకు మేసి, చంద్రికలనే తట్టల మీద గూళ్ళు కట్టేదాకా ఆ ఇంటికి తెలుసు. గూళ్ళు మార్కెట్లో వేలానికి పడ్డాక పట్టు నూలు తీసే రీలర్లు వేరు, పురి పెట్టేవాళ్ళు వేరు, రంగు వేసేవాళ్ళు, నేసేవాళ్ళు మరో ఊరివాళ్ళు. తన ఇంటి గూడు ఏ బట్టయిందో పెంచినవాళ్ళకు తెలియదు. ఆ తెగిన వరసను కలిపి చూసిన పిల్లకే ఇటలీలోని కోమోలో కళ్ళు తెరుచుకుంటాయి. కోమో పట్టుకు పేరున్న ఊరు, పాత యంత్రాలతో పట్టు మ్యూజియం కూడా ఉంది. కానీ అక్కడ పురుగుల పెంపకం దాదాపు పోయింది. 19వ శతాబ్దం మధ్యలో పెబ్రిన్ జబ్బు ఫ్రాన్స్, ఇటలీ పట్టును కుప్పకూల్చింది. 1865లో లూయీ పాశ్చర్ ఆ జబ్బు మీద పని మొదలుపెట్టి, గుడ్లు పెట్టిన తల్లి రెక్కల పురుగును నలిపి మైక్రోస్కోపులో చూసి, జబ్బుంటే ఆ గుడ్లు పారేసే పద్ధతి తెచ్చాడు. కర్ణాటక గుడ్ల కేంద్రాల్లో ఈ రోజుకీ చేసేది అదే. ఇది తెలిసి వెళ్ళిన పిల్లకు ఆ మ్యూజియం పరాయి దేశపు వింతగా అనిపించదు.

ఇంకో అభ్యంతరం బరువైనది. ఫ్యాషన్ అంటే నూలు కాదు, మార్కెట్టు. మిలాన్ షాపుల్లో ఏది ఎలా అమ్ముతున్నారో చూడడమే చదువు అంటారు. కొంత నిజమే. కుట్టు, కత్తిరింపు, షాపు అమరిక చూసి నేర్చుకునేది చాలా ఉంది. అయితే అదే మార్కెట్టు ఇప్పుడు నూలు ఊసు ఎత్తుతోంది. యూరోపియన్ యూనియన్ 2024 జులైలో అమల్లోకి తెచ్చిన ఎకోడిజైన్ చట్టం కింద సరుకులకు డిజిటల్ పాస్‌పోర్టు రాబోతోంది, ముందు వరసలో బట్టలున్నాయి. సరుకు దేనితో తయారైందో కొనేవాళ్ళకు చూపాల్సి వస్తే, మార్కెట్ యార్డు నుంచి మగ్గం దాకా తెలిసిన డిజైనర్‌కే పని దొరుకుతుంది. ఖర్చు మాటకొస్తే, మూడు వంతులు షాపింగ్ ఉన్న టూరుకు అప్పు చేసి పంపడం కంటే మానేయడమే మేలు. మ్యూజియాల్లోనూ అద్దాల వెనక బొమ్మల కంటే గోదాములు అడగాలి. లండన్‌లో వి అండ్ ఎ మ్యూజియం 2025 మేలో తెరిచిన ఈస్ట్ స్టోర్‌హౌస్‌లో కావాల్సిన వస్తువును ముందుగా అడిగి పెట్టుకుంటే బయటికి తీసి దగ్గర్నుంచి చూపిస్తారు. మన కోస్తా అద్దకం బట్టలు ఈ మ్యూజియం దగ్గర ఎన్నో ఉన్నాయి.

కోమోలో అడగాల్సిన మొదటి ప్రశ్న నాకు ఇలా తోస్తుంది: మీరు కొనే నూలు ఎక్కువగా చైనాదే ఎందుకు? మన క్రాస్‌బ్రీడ్ (సంకర జాతి) గూటి నూలు చేమగ్గం మీద చీరకు బాగానే సరిపోతుంది. వేగంగా తిరిగే మరమగ్గం మీద పడుగుకు నిలవదు, మందం అంతటా ఒకేలా రాదు, తెగుతుంది. తెల్లటి బైవోల్టైన్ జాతి గూళ్ళు, ఆటోమేటిక్ రీలింగ్ యంత్రాలు వచ్చాక తేడా తగ్గుతోంది. ఇంకా ఎక్కడ తెగుతోందో కోమో మిల్లు మనిషి చెప్పగలడు. ఆ మాట తెచ్చి శిడ్లఘట్ట రీలర్‌కు చెబితే ఆయన ఒప్పుకోడు. వానల్లో చంద్రికల మీద చెమ్మ తగిలిన గూడు సరిగా విప్పుకోదు, నేనేం చేయను, షెడ్డులో గాలి ఆడేట్టు చూసుకోమని పెంచేవాళ్ళకు చెప్పండి అంటాడు.