గెలల మధ్య దారి

జూలై 8, సుకావ్ (సబా, మలేషియా)

పొద్దున్నే సండకన్‌లో కారెక్కి మధ్యాహ్నం భోజనాల వేళకు ఇక్కడికి చేరాం. దారి పొడవునా పామాయిల్ తోటలే. మా జంగారెడ్డిగూడెం నుంచి అశ్వారావుపేట వైపు పోతున్నా ఇవే కనిపిస్తాయి గానీ, మధ్యమధ్యలో మొక్కజొన్న, మామిడి, ఊళ్ళు వస్తాయి. ఇక్కడ ఎంతసేపు పోయినా అదే చెట్టు, అదే వరస. నరికిన మట్టలు వరసల మధ్య పేర్చడం కూడా అచ్చం మనలాగే.

తోట ఒకటే, దాని కింద పోయింది వేరు. మన దగ్గర పొగాకు, జీడిమామిడి, మొక్కజొన్న తీసి ఇది వేశాం. సబాలో ముందు కలప కోసం పెద్ద మానులు కొట్టేశారు. 1980ల నుంచి, మిగిలిన అడవిని కూడా చదును చేస్తూ పామాయిల్ వేసుకుంటూ వచ్చారు. రాత్రి అబ్బాయితో ఈ మాటే అంటే, “నాన్నా, ఇక్కడికి వచ్చింది ఒరాంగుటాన్లను చూడ్డానికి, తోటలు చూడ్డానికి కాదు” అన్నాడు. రైతు కన్ను, ఏం చేస్తాం.

జూలై 9

సాయంత్రం కినబతాంగన్ ఏటి మీద పడవలో. నీళ్ళు మన గోదావరికి వరదొచ్చినప్పటి రంగు. పడవ నడిపే కుర్రాడు ఒరాంగ్ సుంగాయ్ తెగవాడు, ఈ ఏటి ఒడ్డునే పుట్టాడు. నన్ను “అంకుల్” అంటాడు. మిగతాదంతా మలయ్‌లో, మా వాడే నాకు చెప్పాలి.

మర్రి జాతి చెట్టొకటి కాయలతో నిండి ఉంది. దాని మీద ఒరాంగుటాన్ తల్లీ పిల్లా కనిపించాయి. తల్లి పండు నోట్లో పెట్టుకున్నప్పుడల్లా పిల్ల మొహం దగ్గరగా తెచ్చి, రెప్ప వేయకుండా ఆ నోటినే చూస్తోంది. ఏది తినాలో, ఏది వదిలేయాలో ఇలా చూసే నేర్చుకుంటుందట. ఆరేడేళ్ళు తల్లిని వదలదు. ఒక కాన్పుకీ ఇంకో కాన్పుకీ మధ్య ఏడెనిమిదేళ్ళు. అంటే ఒక తల్లిని చంపితే ఆ లోటు ఒక మనిషి తరంలో కూడా పూడేలా లేదు.

పొద్దు వాలాక తల్లి కొమ్మలు వంచి, విరిచి, ఆకులు పరిచి గూడు కట్టుకుంది. నాలుగైదు నిమిషాల పని. ఏ రాత్రికి ఆ రాత్రి కొత్త గూడు. చెట్ల గుబురులో జంతువు కనబడకపోయినా గూడు కనబడుతుంది కాబట్టి, శాస్త్రవేత్తలు హెలికాప్టర్‌లో తిరిగి గూళ్ళు లెక్కపెట్టి, వాటిని బట్టి ఎన్ని ఉన్నాయో అంచనా కడతారట.

జూలై 10

ఇవాళ తాళ్ళ వంతెనలు చూశాను. హుటాన్ అనే సంస్థ వాళ్ళ పని. మార్క్ అంక్రెనాజ్, ఇసబెల్ లాక్‌మన్ అనే ఫ్రెంచి దంపతులు 1998లో ఇక్కడ మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ బృందంలో ఎక్కువమంది ఈ ఊరివాళ్ళే.

ఒరాంగుటాన్‌కు ఈత రాదు. ఒకప్పుడు చిన్న వాగుల మీద ఇటు మాను కొమ్మలూ అటు మాను కొమ్మలూ కలిసేవి, వాటి మీదుగానే దాటేసేది. కలప కొట్టాక ఆ మానులు లేవు. పైగా తోటల నీరు పోవడానికి తవ్విన కాలవలు అడ్డం. అందుకని ఫైరింజన్ల పాత గొట్టాలు, లావు తాళ్ళు పేని, వాగుకు అడ్డంగా చెట్టు నుంచి చెట్టుకు కట్టారు. మొదటిది 2003లో. ఒరాంగుటాన్ దాని మీద దాటుతున్న ఫొటో దొరికింది 2010లో. ఏడేళ్ళు! ఆ తాడును అది దారిగా వాడుకుంటోందనడానికి రుజువు చేతికి రావడానికి అంతకాలం పట్టింది. రెండు మానులు కొట్టకుండా వదిలి ఉంటే ఈ ఖర్చూ లేదు, ఈ ఎదురుచూపూ లేదు.

జూలై 11

అనుమతి తీసుకుని ఒక తోటలోకి వెళ్ళాం. గెలలు కోస్తున్న కూలీ ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవి నుంచి వచ్చాడు. పొడవాటి గొట్టానికి కొడవలి బిగించి, మట్ట కొట్టి గెల దించడం చూస్తే మా తోటలో మనిషే అనిపించింది. చెంపలు పళ్ళేల్లా విప్పారిన పెద్ద మగ ఒరాంగుటాన్ అప్పుడప్పుడూ ఇటు వస్తుందట. రాలిన పండ్లు, గెలలో పండినవి నాలుగు తిని, తన దారిన పోతుందట. “భయం లేదా?” అంటే నవ్వి, “దానికే నేనంటే భయం” అన్నాడు.

నష్టం అసలు లేదనను. లేత మొక్కలో మొవ్వు లాగి తింటే మొక్క చస్తుంది. మన దగ్గర పందులు చేసే పనే. చెట్టు ఎదిగాక మాత్రం ఆ బెడద పెద్దగా ఉండదు.

తోటలో కనబడగానే పట్టి, మత్తిచ్చి, దూరాన అడవిలో వదిలెయ్యడం చాలాకాలంగా ఉన్న అలవాటు. చూసేవాళ్ళకు అది దయగానే కనిపిస్తుంది. కానీ ఆడవి పుట్టిన చోటికి దగ్గర్లోనే స్థిరపడతాయి, తిరిగేది మగవే. ఈ అడవి ముక్కకూ ఆ అడవి ముక్కకూ రక్తసంబంధం కలిపేది తోటలో నడిచిపోయే ఆ మగదే. దాన్ని పట్టుకుపోతే ముక్కలు ముక్కలుగానే మిగులుతాయి. పైగా వదిలిన చోట అప్పటికే వేరే మగవి ఉంటాయి.

ఒరాంగుటాన్ నేల మీద నడవడం అడవి పోయిన దిక్కులేనితనం వల్లనే అనుకునేవారు. 2014లో వచ్చిన అధ్యయనంలో, బోర్నియో అంతటా కెమెరాలు పెట్టి చూస్తే, చెక్కుచెదరని అడవిలో కూడా అవి నేల మీదికి దిగుతున్నాయి. నడవడం దానికి వచ్చిన విద్యే. మనం చేయాల్సింది అడ్డు తప్పుకోవడం.

జూలై 12

ఇక్కడి అభయారణ్యం 2005లో ప్రకటించారు. విస్తీర్ణం 26,000 హెక్టార్ల పైనే, కానీ ఏటి వెంబడి పది ముక్కలుగా. ఈ ప్రాంతంలో 2000ల మొదట్లో 1,100 దాకా లెక్కతేలిన ఒరాంగుటాన్లు, ఆ తర్వాత 800కు పడ్డాయి. ఏటి గట్టున 20 మీటర్లు వదలాలని సబా చట్టం 1998 నుంచీ చెబుతోంది. పడవలోంచి చూస్తే కొన్నిచోట్ల పామ్ మట్టలు నీళ్ళ మీదికే వాలి ఉన్నాయి.

సుకావ్ దగ్గర ఏటి మీద వంతెన కట్టాలనుకున్నారు. ఏనుగులకూ అడవికీ చేటని గొడవ జరిగి 2017లో మానేశారు. పడవ కుర్రాడిని అడిగాను. “ఏనుగులకు మంచిదే అంకుల్. మా అమ్మకు జబ్బు చేసిన రాత్రి మాత్రం వంతెన ఉంటే బాగుండుననిపించింది” అన్నాడు. నేను జవాబేమీ చెప్పలేదు.

జూలై 14, కౌలాలంపూర్

తమ్ముడు ఫోన్ చేశాడు. “అన్నయ్యా, కోతి జాతిని చూసొచ్చి పామాయిల్ మానేద్దామంటావేమో” అని ఎగతాళి. మానేస్తే ఏమవుతుంది? హెక్టారుకు మూడు నాలుగు టన్నుల నూనె ఇచ్చే పంట ఇదొక్కటే. సోయా, పొద్దుతిరుగుడు టన్ను దాటడమే కష్టం. అంత నూనె వాటితో తీయాలంటే ఇంకెన్నో రెట్లు నేల కావాలి. పామాయిల్‌ను అందరికంటే ఎక్కువ దిగుమతి చేసుకునేది మన దేశమే. మన వంటింటి నూనెకు ఈ నేలతో సంబంధం లేదనుకోవడం కుదరదు.

ఇప్పుడు 2021 నాటి పథకంతో ఈశాన్య రాష్ట్రాల్లోనూ పామాయిల్ పెంచుతున్నారు. అక్కడ మనకున్న ఒకే ఒక తోకలేని వానరం, హూలాక్ గిబ్బన్, ఉంది. అది ఒరాంగుటాన్‌లా నడిచి తోట దాటే రకం కాదు, దాని బతుకంతా కొమ్మల మీదే. అస్సాంలోని హొల్లొంగాపార్ అడవిని ఒక రైలు పట్టా రెండుగా కోసేస్తే, ఆ కాస్త ఎడమే దానికి దాటరానిదయింది. తోట అంత ఎడం వస్తే ఇక చెప్పేదేముంది.

పెదవేగి పరిశోధన సంస్థకు శిక్షణకు వచ్చే ఈశాన్యం వాళ్ళను అప్పుడప్పుడూ మా తోట చూపించడానికి తీసుకొస్తుంటారు. మొక్కకూ మొక్కకూ తొమ్మిది మీటర్లు ఉండాలని నేను చెబుతుంటే రాసుకుంటారు. ఈసారి వచ్చినప్పుడు, వాగుకు ఎన్ని మీటర్లు వదిలారని ముందు నేను అడగాలి.