మాటు వేసిన ఎర్ర కారు

స్టట్‌గార్ట్‌లో ఎస్6 లోకల్ రైలెక్కితే పావుగంటలోపే నాయివిర్ట్స్‌హౌస్ అనే చిన్న స్టేషనొస్తుంది. దిగి బయటికి రాగానే మూడే కాళ్ల మీద గాల్లో నిలబెట్టినట్టున్న తెల్లటి భవనం! 2009లో తెరిచిన పోర్షే మ్యూజియం అది. వచ్చినవాళ్లంతా మెరిసే కార్లు చూడ్డానికి ఎస్కలేటర్ ఎక్కి పైకి వెళ్లిపోతున్నారు. నేను మాత్రం కిందే ఆగిపోయా. అక్కడ గాజు గోడ వెనక ఓ మెకానిక్ షెడ్డుంది మరి. కాకపోతే, నేల మీద కూర్చుని భోంచేసేంత శుభ్రంగా ఉంది!

లోపల పాత 911 ఇంజినుకు ట్యాపెట్లు సెట్ చేస్తున్నారు. వాల్వుకూ రాకర్‌కూ మధ్య ఉండాల్సిన ఖాళీ 0.1 మిల్లీమీటరు. అంటే మామూలు కాగితం మందమంత! అదీ ఇంజిను పూర్తిగా చల్లారాకే చూడాలి. ఆయిల్ సంగతి ఇందుకు పూర్తిగా తలకిందులు. మనం బండి ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్ తీస్తాం కదా... ఇక్కడ ఇంజిను వేడెక్కి తిరుగుతుండగానే చూడాలి. ఈ కార్లకు రేడియేటర్ లేదు, నీళ్లు పోసే పని లేదు. చల్లబరిచే భారమంతా ఫ్యాన్ గాలిదీ, ఆయిల్‌దే. 1998తో ఆ పద్ధతి ముగిసింది.

ఈ మ్యూజియంలోని ఓ ఎర్ర కారు కథ వింటే మన పాత ఇత్తడి బిందెలు గుర్తొస్తాయి. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూపించినప్పుడు 911 పేరు 901. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు మావేనని ప్యూజో కంపెనీ అభ్యంతరం చెప్పడంతో 1964లో 911గా మార్చారు. అప్పటికి తయారైనవి వందలోపే. వాటిలో 57వ నంబరు కారు 2014లో ఓ పాత కొట్టంలో దొరికింది. నేల రేకంతా తుప్పు. ముందు మడ్‌గార్డులు లేవు, ఇంజిను కదల్లేదు. బాడీ మొత్తానికి జింకు పూత పెట్టడం 1976 మోడల్ నుంచే మొదలైంది, పాపం దానికా రక్షణ లేదు.

కొత్త రేకుతో టింకరింగ్ చేయించేస్తే సులువుగా పోయేదే. వాళ్లలా చేయలేదు. అదే కాలానికి చెందిన మరో కారు నుంచి ముక్కలు కోసి తెచ్చి, బిందెకు మాటు వేసినట్టు అతికారు. మూడేళ్లు పట్టింది. 2017 డిసెంబరులో జనం ముందుకొచ్చింది.

మరి అది పాత కారేనా? సగం వేరే కారైతే? అలా అనుకుంటుండగానే మా నాన్న స్కూటర్ మనసులో మెదిలింది. 'ఇంకేముంది అందులో' అంటూ పాత ఇనుప సామాన్లవాడికి తూకానికిచ్చింది నేనే. నాన్న ఆ రోజంతా వీధిలోకి రాలేదు.

గాజుకు అటువైపు మెకానిక్ ఫీలర్ గేజ్ దూర్చి చూశాడు. నట్టు బిగించాడు. మళ్లీ దూర్చాడు. నచ్చలేదు కాబోలు, వదులు చేసి మొదట్నుంచీ మొదలెట్టాడు. ఆరింటికి మ్యూజియం మూసేస్తారు. టికెట్ జేబులోనే ఉంది, పై అంతస్తు చూడనేలేదు. ఆరో సిలిండరు దగ్గరికి ఇంకా రాలేదతను...