గీజర్‌లో సున్నపురాయి

గుంటూరులో అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్లినవాళ్లు గాలీ వెలుతురూ కంటే ముందు అడిగే మాట ఒకటుంది. 'మున్సిపల్ పంపు ఉందా, బోరేనా?' ఇంటివాళ్లు 'రెండూ ఉన్నాయండీ' అంటే అద్దె కాస్త ఎక్కువైనా సర్దుకుంటారు. తక్కెళ్లపాడులో శుద్ధయి వచ్చే కృష్ణా నీళ్లంటే మాకంత మక్కువ. కానీ అవి వచ్చేది కాసేపే. మిగతా రోజంతా బోరు నీళ్లే గతి.

ఆ బోరు నీళ్ల సంగతి అమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎన్ని విజిల్స్ వేయించినా కందిపప్పు బద్దలు బద్దలుగానే ఉంటుంది. సబ్బుకి నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది. కడిగి బోర్లించిన స్టీలు గ్లాసు ఆరేసరికి నిండా మరకలు. అందుకే ఇడ్లీపాత్ర అడుగున చింతపండు రెబ్బో, పిండేసిన నిమ్మచెక్కో వేస్తుంది. పులుపుకి సున్నం కరుగుతుంది. గీజర్‌లో చింతపండు వేయలేం కదా!

అమ్మకి మోకాళ్ల నొప్పులు. పొయ్యి మీద కాగిన నీళ్లు బాత్‌రూమ్ దాకా మోసే బాధ తప్పుతుందని మూడేళ్ల కిందట గీజర్ కొన్నాం. ఏడాదిన్నర తిరిగేసరికి నీళ్లు గోరువెచ్చన దాటడం మానేశాయి. కరెంటు బిల్లు మాత్రం పెరిగింది. ధనుర్మాసంలో ఓ తెల్లవారుజామున అది పూర్తిగా చల్లబడిపోయింది. మెకానిక్ వచ్చి, కాయిల్ ఊడదీసి పేపర్ మీద పెట్టాడు. పెన్సిలంత లావుండాల్సిన కాయిల్ చుట్టూ తెల్లగా, గరుగ్గా పెద్ద దిమ్మ. ట్యాంకు అడుగు నుంచి పెచ్చులు దోసిళ్లతో తీశాడు. 'గీజర్ మంచిదే అక్కా, నీళ్లే...' అని నసిగాడు. కంపెనీకి ఫోన్ చేస్తే, గార పడితే గ్యారంటీ వర్తించదన్నారు. కార్డు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఆ ముక్క ఉంది కూడా!

ఇంతకీ ఏమిటా గార? వాన నీరు నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కొంచెం ఆమ్లంగా మారుతుంది. దారిలో రాళ్లలోని కాల్షియం, మెగ్నీషియంలను కరిగించుకుంటుంది. స్కూల్లో చదువుకున్న 'కఠిన జలం' ఇదే. కాచినప్పుడు ఆ వాయువు ఎగిరిపోతుంది. కరిగిన కాల్షియం మళ్లీ రాయిగా మారి, వేడి ఎక్కువున్న చోట, అంటే కాయిల్ మీదే అతుక్కుంటుంది. పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చి సున్నం చేసే రాయి ఏదో, రసాయనం లెక్కన ఇదీ అదే. ఆ రాతి తొడుగు దాటి వేడి నీటికి అందదు. లోపల కాయిల్ మాడిపోతుంది.

తాగునీటిలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదనీ, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఫర్వాలేదనీ మన దేశ ప్రమాణం. 500 ఉన్న నీళ్లు రోజుకి వంద లీటర్లు కాచామనుకోండి. 50 గ్రాములు. ఏడాదికి 18 కిలోలు! చాలావరకు నీళ్లతోనే పోతుంది లెండి. ఇరవయ్యో వంతు మిగిలినా కిలో దాకా రాయి.

ఈ నీళ్లు తాగితే? కఠినత్వానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యం కోసమంటూ పరిమితి ఏదీ పెట్టలేదు. భయపడాల్సింది కంటికి కనిపించని ఫ్లోరైడ్‌కి. కనిగిరి వైపు పల్లెల్లో ఎముకలు వంగిపోయినవాళ్ల ముందు మా కాయిల్ గోడు చాలా చిన్నది. చిన్నదే, కానీ మళ్లీ వేణ్నీళ్ల బిందె మోసింది అమ్మ.

నా కోపమల్లా షోరూముల మీద. ఎన్ని లీటర్లు, ఎన్ని స్టార్లు, ఎన్ని వాయిదాలు... అన్నీ అడుగుతారు. 'మీ ఇంట్లో ఏ నీళ్లండీ?' అని ఒక్కరూ అడగరు. వాషింగ్ మెషీన్‌దీ ఇదే కథ. నీళ్ల గొడవ తెలియక సబ్బుపొడి రెట్టింపు పోస్తాం, అయినా తెల్ల చొక్కా మాసినట్టే ఉంటుంది.

ఆ మెకానిక్ మాత్రం పనికొచ్చే మాటలు చెప్పాడు. గీజర్‌ని 50-55 డిగ్రీల దగ్గరే ఉంచమన్నాడు. 60 దాటితే గార జోరుగా పడుతుంది. ఏడాదికోసారి విప్పించి శుభ్రం చేయించాలి. తుప్పు తను పట్టి ట్యాంకుని కాపాడే మెగ్నీషియం కడ్డీ అరిగిపోతే మార్పించాలి. మెషీన్‌ని కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పుతో, బట్టలు వేయకుండా వేణ్నీళ్లతో ఓసారి తిప్పాలి. దానికి బ్లీచింగ్ మాత్రం కలపొద్దు. సాఫ్ట్‌నర్ బిగిస్తే గార తగ్గుతుంది గానీ అందులో ఎప్పటికప్పుడు ఉప్పు పోస్తుండాలి. ఒక్క ఇంటికి భారమే, అపార్ట్‌మెంటంతా కలిస్తే నయం.

ఇప్పుడు మా ఇంట్లో పంపకాలు అమ్మవే. పంపు రాగానే మొదటి రెండు బిందెలు తాగడానికీ పప్పుకీ. తర్వాత రెండు బకెట్లు తలస్నానాలకి. గీజర్‌కి మాత్రం బోరే. కొత్త కాయిల్ శుభ్రం చేయించాల్సిన తేదీకి క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, 'గీజరు' అని రాసిపెట్టింది. పక్క గడిలో పాలవాడి లెక్క.