తప్పు కోచ్‌ది, శిక్ష కుర్రాళ్లకి

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో శిక్షలు చూస్తుంటే అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టుంటుంది. ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ సంగతే తీసుకోండి. అసిస్టెంట్ కోచ్ లామంట్ ఎవాన్స్ లంచాలు తిన్నాడని 2017లో ఎఫ్‌బీఐ దర్యాప్తులో బయటపడింది. యూనివర్సిటీ ఉద్యోగం పీకేసింది, కోర్టు జైలుకు పంపింది. అయినా కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ 2021-22 సీజన్లో జట్టు మొత్తాన్ని తన జాతీయ టోర్నమెంట్ గడప తొక్కనివ్వలేదు. లంచం చేతులు మారినప్పుడు ఆ కుర్రాళ్లలో చాలామంది ఇంకా హైస్కూల్లో ఉన్నారు! అదే ఎఫ్‌బీఐ దర్యాప్తులోంచి పుట్టిన కాన్సాస్ యూనివర్సిటీ కేసు మాత్రం 2023 దాకా సాగి, 2018లో ఫైనల్ ఫోర్ (సెమీఫైనల్స్) చేరడాన్నీ 15 గెలుపుల్నీ రికార్డుల్లోంచి కొట్టేయడంతో సరిపోయింది. టోర్నమెంట్ నిషేధం ఊసే లేదు. ఈలోగా 2022లో కాన్సాస్ ఛాంపియన్ కూడా అయింది.

నిషేధం లేకపోతే యూనివర్సిటీలకు భయం ఉండదంటారు. ఆ మాటలో పస లేకపోలేదు, టోర్నమెంట్ డబ్బు చివరికి చేరేది వాళ్లకే కదా. మరి ఆ డబ్బే లాక్కోవచ్చుగా? వేరే కేసులో లూయివిల్ యూనివర్సిటీకి 2013 టైటిల్ రద్దు చేసినప్పుడు టోర్నమెంట్ వాటా కూడా వెనక్కి కట్టమన్నారు. ఇక ఎవాన్స్‌ మీద వేసిన పదేళ్ల షో-కాజ్ ఆర్డర్ (కోచ్ మీద వ్యక్తిగతంగా వేసే ఆంక్ష) అతను ఏ కాలేజీకి వెళ్లినా వెంటే వెళ్తుంది. దెబ్బ తగలాల్సింది అక్కడ. తప్పు చేయని ఆటగాళ్లను వీలైనంతవరకు శిక్షించకూడదని ఎన్‌సీఏఏ తన రాజ్యాంగంలోనే రాసుకుంది, 2022 జనవరిలో. ఓక్లహోమా స్టేట్ మీద నిషేధం అప్పటికింకా నడుస్తూనే ఉంది.